షంట్ ఉన్న పిల్లల్లో పొట్ట మొరాయిస్తే

తలలో నీరు చేరిన పిల్లలకు ఆ నీటిని పొట్టలోకి మళ్లించడానికి వేసే ట్యూబు, అంటే షంట్ గురించి ఎవరు మాట్లాడినా తల గురించే మాట్లాడతారు. నిజానికి ఆ ట్యూబులో ఎక్కువ భాగం ఉండేది మెడకు కిందే. చెవి వెనక నుంచి చర్మం కిందుగా మెడ, ఛాతీ మీదుగా దిగి, పేగుల మధ్య జానెడుకు పైగా వదులుగా పడి ఉంటుంది. తలలోని కొన మూసుకుపోతుందనీ, ఇన్ఫెక్షన్ రావొచ్చనీ డిశ్చార్జ్ చేసేటప్పుడు చెప్పి పంపుతారు. పొట్టలోని కొన ఏమేం చేయగలదో మాత్రం చాలామందికి చెప్పరు. అరుదు కదా అని. అరుదే, కాదనం. కానీ అలాంటిది వచ్చినప్పుడు తల్లిదండ్రులు ముందు వెళ్లేది న్యూరోసర్జన్ దగ్గరికి కాదు, ఊళ్లో పిల్లల డాక్టరు దగ్గరికో పీహెచ్‌సీకో. అక్కడ పొట్టనొప్పికి సిరప్పు, నులిపురుగులకు మాత్ర ఇచ్చి పంపేస్తే విలువైన రోజులు పోతాయి. అందుకే ఇది ఇద్దరికీ రాస్తున్నాం: షంట్ ఉన్న బిడ్డను పెంచుతున్నవాళ్లకూ, ఆ బిడ్డను మొదట చూసే డాక్టర్లకూ నర్సులకూ.

ట్యూబు, వాల్వు, పొట్ట ఒత్తిడి

మెదడు గది నుంచి పొట్టకు వెళ్లే ఈ షంట్‌నే వీపీ షంట్ అంటారు. ఇందులో మూడు భాగాలు. మెదడు గదిలోకి పెట్టే పక్క రంధ్రాల ట్యూబు, చెవి వెనక చేతికి తగిలే వాల్వు, అక్కడి నుంచి పొట్టలోకి దిగే పొడవాటి ట్యూబు. అంతా సిలికాన్. పొట్ట ట్యూబు మందం సుమారు 2.5 మి.మీ. బిడ్డ ఎదిగినా సరిపోవాలని అదనపు పొడవును పొట్టలోనే వదిలేస్తారు. మెదడు గదుల్లో గంటకు 20 మి.లీ. దాకా నీరు, అంటే సీఎస్ఎఫ్, ఊరుతుంది. పెద్ద పిల్లల్లో రోజుకు దాదాపు అర లీటరు, చంటిబిడ్డల్లో అంతకన్నా తక్కువ. పేగుల చుట్టూ ఉండే పెరిటోనియం అనే పల్చటి పొర దాన్ని పీల్చుకుని రక్తంలో కలిపేస్తుంది. ఆ పొర ఆరోగ్యంగా ఉన్నంతవరకు పొట్టలో నీరు నిలవదు.

మన దగ్గర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్. ఖరీదు తక్కువ కాబట్టి నాసిరకమేమోనని కొందరు తల్లిదండ్రులు దిగులుపడతారు. ఉగాండాలో 195 మంది పిల్లల మీద దీన్ని ఎన్నో రెట్లు ఖరీదైన కాడ్మన్ షంట్‌తో పోల్చి చూసి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక్కడ రాయబోయే తిప్పలు ఏ కంపెనీ ట్యూబుకైనా రావచ్చు.

పొట్టను ఎంచుకోవడం వెనక కొంత చరిత్ర ఉంది. మెదడు నీటిని పొట్టలోకి మళ్లించే ప్రయత్నం 1905లోనే జర్మనీలో కౌష్ చేశాడు. అప్పటి రబ్బరు ట్యూబులు నిలవలేదు. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెకానిక్ తన కొడుకు కోసం సిలికాన్ వాల్వు తయారుచేశాక, ట్యూబును గుండె పై గదిలోకి పంపడం మామూలైంది. బిడ్డ ఎదిగే కొద్దీ ఆ కొన పైకి జరిగిపోయేది, మాటిమాటికీ పొడిగించాల్సి వచ్చేది. ఇన్ఫెక్షన్ వస్తే నేరుగా రక్తంలోకే. అందుకని 1960లలో సిలికాన్ ట్యూబులతో మళ్లీ పొట్టకే వచ్చారు. పేగుకు రంధ్రం పడిన మొదటి కేసును విల్సన్, బెర్టన్ 1966లోనే రాశారు. అంటే ఈ పద్ధతి ఎంత పాతదో, దీని తంటా కూడా దాదాపు అంత పాతదే.

ఒక్క సూత్రం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. షంట్‌లో నీరు కదిలేది తలలో ఒత్తిడికీ పొట్టలో ఒత్తిడికీ మధ్య తేడాను బట్టి. పొట్టలో ఒత్తిడి పెరిగితే షంట్ ఏ లోపమూ లేకుండానే నెమ్మదిస్తుంది. దీనికి అతి మామూలు కారణం మలబద్ధకం. పెద్దపేగు నిండా గట్టి మలం పేరుకున్న బిడ్డకు తలనొప్పి, వాంతులు, మగత వచ్చి, సీటీలో మెదడు గదులు పెద్దవై కనిపించి, కడుపు శుభ్రం చేయగానే అన్నీ సర్దుకున్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. స్పైనా బైఫిడాతో, అంటే వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లల్లో పేగుకు వెళ్లే నరాలే దెబ్బతిని ఉంటాయి కాబట్టి వీళ్లకు ఇది నిత్యం పొంచి ఉండే సమస్య. మలం మెత్తబరిచే లాక్టులోజో పాలీ ఇథిలీన్ గ్లైకాలో డాక్టరు చెప్పిన మోతాదులో రోజూ వాడటం వీళ్ల విషయంలో షంట్ సంరక్షణ కిందికే వస్తుంది. అలాగని తలనొప్పీ వాంతులూ ఉన్న బిడ్డకు ఎనిమా ఇచ్చి సరిపెట్టుకోవద్దు. తల స్కాన్, షంట్ పరీక్ష ఆగకూడదు. మలబద్ధకం వాటి పక్కన చూడాల్సిన విషయం, వాటికి బదులు కాదు.

నీటి తిత్తి

పొట్టలో వచ్చే అరుదైన సమస్యల్లో మాకు ఎక్కువ గౌరవం ఉన్నది దీని మీద. నిశ్శబ్దంగా పెరుగుతుంది, వేషాలు మారుస్తుంది. ట్యూబు కొన చుట్టూ పేగులు, వాటి మీద కప్పుకుని ఉండే కొవ్వు పొర (ఒమెంటం) అతుక్కుపోయి ఒక గోడలా ఏర్పడతాయి. వచ్చే నీరంతా ఆ గోడ లోపలే చేరుతుంది. పీల్చుకునే పొర అందకుండా పోతుంది. దీన్నే సూడోసిస్ట్ అంటారు. అసలైన తిత్తికి ఉండే సొంత లోపలి పొర దీనికి ఉండదు, మంట పుట్టిన పేగుల ఉపరితలమే దీని గోడ. వేర్వేరు నివేదికల్లో షంట్ ఉన్నవాళ్లలో ఇది 1 శాతం లోపు నుంచి 4.5 శాతం దాకా కనిపించింది.

కారణాల్లో మొదటిది సన్నగా సాగే ఇన్ఫెక్షన్. జ్వరం పెద్దగా ఉండదు, తెల్లకణాలు పెరిగి ఉండకపోవచ్చు. చర్మం మీద బతికే స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్, క్యూటిబాక్టీరియం యాక్నెస్ లాంటివి ట్యూబుకు అంటుకుని జిగురు పొర కట్టుకుని నెలల తరబడి ఉంటాయి. మిగతా కారణాలు: అంతకుముందు పొట్టకు జరిగిన ఆపరేషన్లు, పలుమార్లు మార్చిన షంట్‌లు, నెలలు నిండకుండా పుట్టి పేగు కుళ్లిన చరిత్ర, సీఎస్ఎఫ్‌లో ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉండటం. క్షయ మెదడువాపు తర్వాత షంట్ పడిన పిల్లల్లో ఈ చివరిదాన్ని మరవకూడదు.

పెద్దవాళ్లలో పొట్టనొప్పీ గడ్డా ముందు కనిపిస్తాయి. పిల్లల్లో చాలాసార్లు తల లక్షణాలే ముందు: తలనొప్పి, వాంతులు, మగత, కళ్లు పైకి తిప్పలేకపోవడం, చంటిబిడ్డకైతే మాడు ఉబ్బడం. పొట్ట కాస్త ఉబ్బరంగా ఉంటుంది, అన్నం సయించదు, లాగు నాడా బిగుసుకుందంటారు. ఇలాంటి బిడ్డకు సీటీ తీసి, గదులు పెద్దవయ్యాయని తలలోని ట్యూబు మార్చేసి పంపిస్తే వారం తిరక్కుండా మళ్లీ వస్తాడు. ఎందుకంటే అడ్డం ఉన్నది కింద.

పట్టుకోవడం కష్టమేమీ కాదు, అనుమానం రావాలంతే. మామూలు పొట్ట అల్ట్రాసౌండ్ చాలు. పల్చటి గోడ ఉన్న నీటి సంచి, దాని లోపల రెండు సమాంతర గీతల్లా మెరిసే ట్యూబు కొన. స్కాన్ చేసే రేడియాలజిస్టుకు చీటీలో ‘పొట్టనొప్పి’ అని మాత్రం రాసి పంపకండి. ‘వీపీ షంట్ ఉంది, కొన ఎక్కడుంది, దాని చుట్టూ నీరు నిలిచిందా’ అని రాయండి. లేకపోతే అండాశయ తిత్తి అనో, పేగులను పట్టి ఉంచే పొరలోని తిత్తి (మెసెంటెరిక్ సిస్ట్) అనో రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది. ఎక్స్‌రేలో ఇంకో కిటుకు ఉంది. పొట్టలోని ట్యూబు పేగుల కదలికతో చోటు మారుతూ ఉంటుంది. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు ఫిల్ముల్లో చుట్ట ఒకే చోట, ఒకే ఆకారంలో ఉందంటే అది ఎక్కడో ఇరుక్కుందని అనుమానించాలి.

వాల్వు దగ్గర నీరు నిలిచే చిన్న గదిలోకి (రిజర్వాయరు) 23 లేదా 25 గేజ్ సీతాకోక సూది పెట్టి చూసినా దారి తెలుస్తుంది. నీరు ఒత్తిడితో ధారగా వస్తే అడ్డం కింద ఉన్నట్టు, చుక్క రాకపోతే పైన మూసుకున్నట్టు. ఈ పని న్యూరోసర్జరీ వాళ్లే, పూర్తి స్టెరైల్‌గా చేయాలి. వేలితో వాల్వు నొక్కి చూసి తీర్పు చెప్పడం మీద మాకు నమ్మకం తక్కువ. బాగా పనిచేస్తున్న వాల్వు మొరాయించినట్టూ, పాడైనది బాగున్నట్టూ అనిపించడం మామూలే.

చికిత్సలో తొందరపాటు పనికిరాదు. తిత్తిలోంచి సూదితో నీరు లాగేస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది, కానీ ట్యూబు అక్కడే ఉంది కనుక మళ్లీ నిండుతుంది. పైగా ఇన్ఫెక్షన్ లేదని తేలేదాకా ఉన్నట్టే లెక్క. ఛాతీ మీద, కాలర్ ఎముకకు కాస్త దిగువన చిన్న గాటు పెట్టి ట్యూబును బయటికి తీసి డ్రెయిన్ సంచికి కలుపుతారు. సీఎస్ఎఫ్, తిత్తి నీరు, తీసేసిన ట్యూబు కొన మూడూ కల్చర్‌కు, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకు వెళ్తాయి. ల్యాబ్‌కు ఒక మాట తప్పక చెప్పాలి: ప్లేట్లను కనీసం 10 రోజులు ఉంచమని. క్యూటిబాక్టీరియం నెమ్మదిగా పెరుగుతుంది, 48 గంటలకే ‘పెరుగుదల లేదు’ అని రిపోర్టు తీసుకుంటే అది చేజారిపోతుంది. తిత్తి గోడను కోసి తీయనక్కర్లేదు. నీరు రావడం ఆగితే చాలావరకు దానంతటదే కుంచించుకుపోతుంది.

డ్రెయిన్ ఉన్న రోజుల్లో వార్డులో జరిగే పొరపాటు ఒకటుంది. చుక్కలు పడే గొట్టం ఎత్తును బిడ్డ చెవి మట్టం నుంచి కొలిచి పెడతారు. బిడ్డను ఎత్తుకున్నా, కూర్చోబెట్టినా, మంచం తల ఎత్తినా ఆ లెక్క తప్పుతుంది. నీరు ఒక్కసారిగా ఎక్కువ పోయి తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి మెదడు చుట్టూ రక్తం చేరడం దాకా వెళ్తుంది. ఎత్తుకునే ముందు క్లాంపు వేయాలి, పడుకోబెట్టి మట్టం సరిచూశాక తీయాలి. వేసిన క్లాంపు తీయడం మరిచిపోతే ఒత్తిడి పెరుగుతుంది, అదీ అంతే ప్రమాదం. బిడ్డ పక్కన ఉండే అమ్మకు ఈ రెండూ మొదటి రోజే చేసి చూపించాలి.

కల్చర్‌లు శుభ్రంగా వచ్చాక కొత్త ట్యూబును పొట్టలో వేరే వైపు పెట్టవచ్చు. లాపరోస్కోప్‌తో చూస్తూ, అతుకులు లేని చోట వదలడం మంచి పద్ధతి. మళ్లీ తిత్తి కడితే ఆ పొట్టను వదిలేసి వేరే దారి వెతకాలి.

ఇన్ఫెక్షన్ తగ్గించడానికి ఉన్న గట్టి ఆధారం కూడా చెప్పుకోవాలి. బ్రిటన్, ఐర్లాండ్‌లలో 1605 మందితో జరిగి 2019లో లాన్సెట్‌లో వచ్చిన బేసిక్స్ ట్రయల్‌లో మామూలు ట్యూబులకు ఇన్ఫెక్షన్ 6 శాతం, రిఫాంపిసిన్, క్లిండమైసిన్ నింపిన ట్యూబులకు 2 శాతం. వెండి పూత ట్యూబులు మామూలు వాటికంటే మెరుగేమీ కాలేదు. మన దగ్గర ఖరీదే అడ్డం. అయినా ఒకసారి ఇన్ఫెక్షన్ వచ్చిన బిడ్డకు రెండోసారి షంట్ వేసేటప్పుడు ఈ ట్యూబు సంగతి అడగడం న్యాయమే.

మలద్వారంలోంచి ట్యూబు కనిపిస్తే

వినడానికి నమ్మశక్యంగా ఉండదు. బిడ్డ మలవిసర్జన చేసేటప్పుడు సన్నని తెల్లటి గొట్టం బయటికి వస్తుంది. ఏలికపాము అనుకుని లాగబోయినవాళ్లు, పురుగుల మందు పట్టించినవాళ్లు ఉంటారు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పురుగుకు రెండు కొనలూ సన్నబడి ఉంటాయి. ట్యూబుకు మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం, కొన కత్తిరించినట్టు ఉంటుంది, దాన్నుంచి నీళ్లలాంటి ద్రవం చుక్క చుక్కగా కారుతుంటుంది. చాలాసార్లు విసర్జన అయ్యాక మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. డాక్టరు చూసే సరికి ఏమీ కనిపించదు. కాబట్టి కనిపించిన వెంటనే ఫోన్‌తో ఫోటో తీయండి.

పేగుకు రంధ్రం పడటం షంట్ ఉన్నవాళ్లలో 0.1 నుంచి 0.7 శాతం అని సాధారణంగా చెబుతారు. ఎక్కువగా చిన్నపిల్లల్లోనే, ఎక్కువగా పెద్దపేగులోనే. ట్యూబు వాడిగా ఉండి గుచ్చుకుపోతుందని అనుకుంటారు గానీ, ఇప్పటి మెత్తటి ట్యూబుల్లో జరిగేది వేరు. శరీరం సిలికాన్ చుట్టూ కత్తికి ఒరలాగా ఒక గట్టి పీచు తొడుగు కడుతుంది. కొన దగ్గర ఆ తొడుగు పేగుకు అతుక్కుందంటే, ట్యూబు రాత్రీ పగలూ ఒకే చోట ఒరుసుకుంటుంది. చంటిబిడ్డ పేగు గోడ పల్చన. అక్కడ చిన్న పుండు పడి, నెమ్మదిగా కొన లోపలికి జారుతుంది. చుట్టూ తొడుగు బిగించి ఉంటుంది కాబట్టి మలం పొట్టలోకి చిందదు. అందుకే నాలుగో వంతు కన్నా తక్కువ మందిలోనే పొట్ట గట్టిపడటం లాంటి పెరిటోనైటిస్ (పెరిటోనియం వాపు) లక్షణాలు ఉంటాయి. బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. వెనకటి స్ప్రింగు చుట్టిన బిరుసు ట్యూబులతో ఇది మరింత ఎక్కువగా ఉండేది.

అసలు ప్రమాదం పొట్టలో కాదు, తలలో. పేగులోని బ్యాక్టీరియా ట్యూబు వెంట పైకి పాకి మెదడు గదుల్లో ఇన్ఫెక్షన్ తెస్తాయి. ట్యూబు బయటికి కనిపించకపోయినా సరే, షంట్ ఉన్న బిడ్డ సీఎస్ఎఫ్‌లో ఈ. కోలై పెరిగినా, ఒకటికి మించిన పేగు బ్యాక్టీరియా కలిసి పెరిగినా, తల సీటీలో కారణం లేకుండా గాలి కనిపించినా, ముందు పేగు రంధ్రం సంగతే చూడాలి. యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇస్తూ, ట్యూబును మాత్రం పేగులోనే వదిలేయడం వల్ల వృథా అయ్యే రోజులు చాలా ఎక్కువ.

ఇంట్లో చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. లాగకండి. లోపలికి తోయకండి. కత్తిరించకండి, ముడి వేయకండి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందు బిళ్లలు, అక్కడ పెట్టి చూసే థర్మామీటరు వద్దు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన కట్టు గుడ్డ (గాజ్) కొన మీద కప్పి, డైపరు వదులుగా వేసి, బిడ్డను పడుకోబెట్టే తీసుకెళ్లండి. చివరిసారి పాలో అన్నమో ఎప్పుడు తీసుకున్నాడో సమయం గుర్తుపెట్టుకోండి, మత్తు ఇచ్చే డాక్టరు మొదట అడిగేది అదే. జ్వరం లేకపోయినా రేపటిదాకా ఆగొద్దు. 108లో వెళ్లినా సొంత బండిలో వెళ్లినా, న్యూరోసర్జరీ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లడం మంచిది. మధ్యలో ఇంకో చోట ఆగితే అక్కడెవరో దాన్ని లాగి చూసే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ థియేటర్‌లో నియమం ఒక్కటే: మురికి కొన ఎప్పుడూ కిందికే రావాలి. పొట్ట పైభాగంలోనో ఛాతీ మీదో గాటు పెట్టి ట్యూబును కోస్తారు. పై భాగాన్ని డ్రెయిన్‌కు కలుపుతారు, లేదా మొత్తం షంట్ తీసేసి వేరే డ్రెయిన్ పెడతారు. కింది ముక్కను మలద్వారంలోంచే లాగి తీసేస్తారు. దాన్ని పైకి లాగితే పేగులో నానిన ట్యూబు శుభ్రంగా ఉన్న పొట్టను, చర్మం కింది దారినంతా మలినం చేస్తుంది. ఆ పీచు తొడుగు ఇప్పుడు మేలు చేస్తుంది. ట్యూబు జారిపోయాక అది మూసుకుపోతుంది, రంధ్రానికి కుట్టు అక్కర్లేదు. పొట్ట కోయాల్సింది పెరిటోనైటిస్ ఉంటేనో, చీముగడ్డ కడితేనో, పేగు అడ్డుపడితేనో, ట్యూబు ఇరుక్కుని రాకపోతేనో. ట్యూబు పేగులోకి వెళ్లినంత మాత్రాన ఇలాంటి ప్రతి బిడ్డకూ పొట్ట తెరవాలనే సర్జన్లు ఇంకా ఉన్నారు. లక్షణాలు లేనప్పుడు దానికి ఆధారం లేదు.

యాంటీబయాటిక్స్ కల్చర్‌ను బట్టి మారతాయి. అప్పటిదాకా స్టాఫిలోకాకస్‌కూ, పేగు బ్యాక్టీరియాకూ కలిపి, ఉదాహరణకు వాంకోమైసిన్, మెరోపెనెం, ఇస్తారు. కాలం సాధారణంగా 10 నుంచి 14 రోజులు, గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా అయితే 21 రోజుల దాకా. వరసగా వచ్చిన సీఎస్ఎఫ్ కల్చర్‌లు శుభ్రంగా ఉంటేనే కొత్త షంట్. ఇంటికి త్వరగా వెళ్లాలనే ఒత్తిడి అందరికీ ఉంటుంది. ఈ ఒక్క చోట డాక్టరును తొందరపెట్టవద్దు.

ట్యూబు నోట్లోంచి రావడం ఇంకా అరుదు. జీర్ణాశయానికో చిన్నపేగు పైభాగానికో రంధ్రం పడి, వాంతితో పాటు కొన గొంతులోకి వస్తుంది. సూత్రం అదే. మధ్యలో కోసి, నోటిలో ఉన్న భాగాన్ని నోటి నుంచే తీస్తారు.

గజ్జ, వరిబీజం

మగబిడ్డ కడుపులో ఉన్నప్పుడు వృషణాలు దిగడానికి ఏర్పడిన దారి పుట్టిన చాలా నెలల దాకా తెరుచుకునే ఉండవచ్చు. పొట్టలోకి అదనంగా నీరూ ఒత్తిడీ వచ్చేసరికి మూసుకోవాల్సిన ఆ దారి తెరుచుకునే ఉండిపోతుంది. షంట్ వేసిన తర్వాత వరిబీజమో హెర్నియానో రావడం పై రెండింటి కన్నా చాలా ఎక్కువ. వరిబీజం మీద టార్చి వెలుగు పెడితే ఎర్రగా మెరుస్తుంది. ఒక్కోసారి ట్యూబే జారి వృషణ సంచిలో చుట్టుకుంటుంది, ఎక్కువగా కుడి వైపు. ఎక్స్‌రేలో చుట్ట జఘనాస్థి దాటి కిందికి కనిపిస్తే అదే. ఆ చిన్న సంచిలో నీరు ఎంతని పీల్చుకుంటుంది? షంట్ నెమ్మదిస్తుంది. హెర్నియా కుట్టేటప్పుడు ట్యూబును మళ్లీ పొట్టలోకి పంపుతారు. రెండో వైపు కూడా చూడటం అవసరం. ఏడ్చినప్పుడు గజ్జలో ఉబ్బి తర్వాత తగ్గేది రెండు మూడు రోజుల్లో చూపిస్తే సరిపోతుంది. ఉబ్బు గట్టిపడి, ఎర్రబడి, వాంతులు మొదలైతే అది గంటల్లో తేలాల్సిన వ్యవహారం.

పొట్టంతా నీరు

తిత్తి కట్టకుండా పొట్టంతా నీరు నిండటం మరో సమస్య. బొడ్డు మట్టంలో టేపుతో రోజూ ఒకే సమయానికి కొలిస్తే పెరుగుదల తెలుస్తుంది. తలలో ఒత్తిడి లక్షణాలు చాలాసార్లు ఉండవు, ఎందుకంటే నీరు హాయిగానే దిగుతోంది, పీల్చుకునేది మాత్రం లేదు. కారణం పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు. మెదడు గదుల్లో సీఎస్ఎఫ్‌ను తయారుచేసే కొరాయిడ్ ప్లెక్సస్‌లో గడ్డ కానీ, ఆ ప్లెక్సస్ అతిపెరుగుదల కానీ ఉంటే సీఎస్ఎఫ్ రోజుకు లీటరు దాటి ఊరుతుంది, ఏ పొట్టా దాన్ని మింగలేదు. కంటి నరం గడ్డ (గ్లయోమా) ఉన్నప్పుడు ప్రొటీన్ పెరిగి పీల్చుకోవడం మందగిస్తుంది. పొట్టలో క్షయ ఉంటే ఆ పొరే పాడవుతుంది. అందువల్ల కాలేయం, కిడ్నీ పరీక్షలతో ఆగకుండా ఆ నీటిలో ప్రొటీన్, కణాలు, కల్చర్, క్షయ పరీక్ష చూడాలి. అది సీఎస్ఎఫ్ అవునా కాదా అనే సందేహం ఉంటే బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పరీక్ష తేలుస్తుంది. మెడుల్లోబ్లాస్టోమా, జెర్మ్ సెల్ గడ్డల్లాంటి మెదడు క్యాన్సర్లున్న పిల్లల్లో నీటిలో క్యాన్సర్ కణాలు వెతకాలి. షంట్ వెంట గడ్డ పొట్టలోకి దిగడం చాలా అరుదు, కానీ ఉంది.

పొట్ట పనికిరాదని తేలితే దారులు మూడు. గుండె పై గదిలోకి పంపడం మొదటిది, దీనికి కిడ్నీల వాపు, రక్తంలో ఇన్ఫెక్షన్ అనే తలనొప్పులున్నాయి. ఊపిరితిత్తి పొరలోకి పంపడం పెద్ద పిల్లలకే, చంటివాళ్లకు ఆయాసం వస్తుంది. మూడోది షంటే లేకుండా ఎండోస్కోప్‌తో మెదడులోనే దారి తెరవడం, డాక్టర్లు ఈటీవీ అనేది దీన్నే. ఉగాండాలోని ఎంబాలేలో బెంజమిన్ వార్ఫ్ అనే న్యూరోసర్జన్ దీనికి కొరాయిడ్ ప్లెక్సస్ కాల్చడాన్ని జోడించి చంటిపిల్లలకు చేసి చూపించాడు. కారణం, వయసు బట్టి కొందరికే ఇది కుదురుతుంది. కానీ పొట్ట రెండుసార్లు మొండికేసిన ప్రతి బిడ్డ విషయంలోనూ ఈ ప్రశ్న అడగాలి.

బొడ్డులోంచి, పాత గాటులోంచి, యోనిలోంచి, మూత్రాశయంలోంచి ట్యూబు బయటికి రావడం, డయాఫ్రం దాటి ఛాతీలోకి వెళ్లడం, కాలేయంలో గుచ్చుకోవడం, పేగు చుట్టూ ముడిపడి అడ్డం కట్టడం అన్నీ వైద్య పత్రికల్లో ఉన్నాయి. బయటికి వచ్చిన చోటల్లా చేయాల్సింది పైన రాసినదే.

ఇంకో ఆపరేషన్ అవసరమైతే

షంట్ ఉన్న బిడ్డకూ అపెండిసైటిస్ వస్తుంది. కుడి దిగువన నొప్పి, జ్వరం ఉంటే అపెండిసైటిసా, షంట్ సమస్యా అన్నది తేల్చాలి. అపెండిక్స్ పగలకుండా ఉంటే చాలాసార్లు షంట్‌ను అలాగే ఉంచి ఆపరేషన్ చేస్తారు. పగిలి చీము ఉంటే ట్యూబును బయటికి తీసి డ్రెయిన్‌కు కలపడమే క్షేమం. లాపరోస్కోపీకి షంట్ అడ్డం కాదు, వాల్వు వెనక్కి రానివ్వదు. గ్యాస్ ఒత్తిడి తక్కువలో ఉంచి, బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. ఆహారం కోసం పొట్టకు గొట్టం పెట్టాల్సిన పిల్లల్లో షంట్, గ్యాస్ట్రోస్టమీ ఒకేసారి చేయకపోవడం మంచిది. ఏ ఆపరేషన్‌కైనా పొట్ట సర్జన్, న్యూరోసర్జన్ ముందే మాట్లాడుకోవాలి. ఇది చెప్పాల్సిన పని కాదనిపిస్తుంది, కానీ చెప్పాల్సే వస్తుంది.

చిన్న ఆసుపత్రిలో చేయగలిగినది, చీటీలో రాయాల్సినది

షంట్ ఉన్న బిడ్డ పొట్టనొప్పితోనో ఉబ్బరంతోనో కారణం తెలియని జ్వరంతోనో వస్తే, వాల్వు దగ్గర, ట్యూబు దారి పొడవునా చర్మాన్ని తడిమి చూడండి. ఎర్రదనం, వాపు, తెగినట్టు ఖాళీ తగులుతాయా అని. గజ్జలు, వృషణాలు, మలద్వారం బట్టలు తీసి చూడండి. మాడు, కళ్లు, తెలివి రాయండి. తల, మెడ, ఛాతీ, పొట్ట ఎక్స్‌రేలు, పొట్ట అల్ట్రాసౌండ్ జిల్లా కేంద్రంలో దొరికేవే. సీటీ ఉంటే తల సీటీ. నడుములోంచి నీరు మాత్రం తీయకండి. ఒత్తిడి పెరిగిన షంట్ బిడ్డలో అది ప్రాణం మీదికి తేవచ్చు, పైగా మెదడు గదుల్లోని ఇన్ఫెక్షన్ నడుము నీటిలో కనిపించకపోవచ్చు. బిడ్డ నిలకడగా ఉండి, పెద్దాసుపత్రి కొద్ది గంటల దూరంలో ఉంటే, అక్కడ షంట్ నీరు తీసేదాకా యాంటీబయాటిక్ మొదలెట్టకుండా వాళ్లతో ఫోన్లో మాట్లాడండి. ముందే ఇచ్చేస్తే కల్చర్ ఏమీ పెరగకపోవచ్చు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం) లక్షణాలుంటే ఆగకండి, బ్లడ్ కల్చర్ తీసి ఇచ్చేయండి.

తల్లిదండ్రుల దగ్గర ఉండాల్సిన కాగితం ఒకటుంది: షంట్ ఏ వైపు, ఏ తేదీన, ఏ కంపెనీ, వాల్వు ఒత్తిడి ఎంత, ఎన్నిసార్లు మార్చారు, ఎందుకు మార్చారు, బాగున్నప్పటి సీటీ ఎలా ఉంది. స్పైనా బైఫిడా పిల్లలకైతే రబ్బరు లాటెక్స్ అలర్జీ సంగతి కూడా. రిఫర్ చేసే డాక్టరు దీని ఫోటోను, ఇప్పటి ఎక్స్‌రేతో పాటు వెళ్లబోయే ఆసుపత్రికి ముందే పంపాలి. పాత పొట్ట ఎక్స్‌రే ఏ ఫోన్లో ఉన్నా వెతికి అదీ పంపండి. ట్యూబు కొన అప్పుడెక్కడ ఉందో ఇప్పుడెక్కడ ఉందో పక్కపక్కన పెట్టి చూడాలంటే అది కావాలి.